పత్తి గింజ కథ: గేదె కుడితి నుంచి జన్యు సవరణ దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను అమరావతి స్తూపం గురించో కొండవీటి రెడ్డిరాజుల గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. వాటి మీద సాధికారంగా రాయగలవారు మనలోనే చాలామంది ఉన్నారు. నాది ముప్పై అయిదేళ్ళ గుమాస్తా సర్వీసు. 1973లో చేరి 2008లో దిగిపోయేదాకా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పంట లెక్కలు కూడటం, జమాబందీకి సిద్ధం చేయటంలోనే జీవితం గడిచింది. ఆ లెక్కల్లో "పత్తి" అనే మాట నేను ఎన్ని వేలసార్లు రాసి ఉంటానో చెప్పలేను. అందువల్ల పత్తి గురించే రాస్తాను. అయితే దూది గురించి కాదు, దూది తీసేశాక మిగిలే గింజ గురించి.

ఈ ఆలోచన రావటానికి కారణం మా మనవడు. 2025 మే నెలలో వాడు వార్త చదివి వినిపించాడు. మే 4వ తేదీన ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణ పద్ధతిలో తయారైన వరి మన దేశంలో అవే మొదటివి. ఒకటి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ వారి డి.ఆర్.ఆర్. ధాన్ 100, దీనికి కమల అని పేరు పెట్టారు. రెండవది ఢిల్లీ పూసా సంస్థ వారి పూసా డి.ఎస్.టి. రైస్ 1. "తాతయ్యా, మొదటిది మన బాపట్ల సాంబమసూరి నుంచే చేశారట" అన్నాడు వాడు. నిజమే. బి.పి.టి. 5204 అనే సాంబమసూరి 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. మనమందరం తింటున్న సన్నబియ్యం అదే. రెండవదానికి మూలం ఎం.టి.యు. 1010, అంటే మార్టేరు వారి కాటన్‌దొర సన్నాలు. పేరులో కాటన్ ఉందని పత్తి అనుకునేరు, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొరగారి పేరది. ఏమైతేనేం, దేశంలో తొలి జన్యు సవరణ రకాలు రెండూ మన కోస్తా విత్తనాల మీదనే జరిగాయి.

"మరి పత్తికి, వేరుశనగకి ఏం చేస్తున్నారు?" అని వాణ్ణి అడిగాను. అక్కడి నుంచి నా చదువు మొదలైంది. నూనె గింజల మీద ప్రపంచమంతా పని జరుగుతున్నది. అందులో మన పత్తి గింజ ఉండటం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. పత్తిని నూలు పంటగానే లెక్క రాశాం కాని నూనె గింజల పద్దులో ఏనాడూ వేయలేదు. కాని కిలో దూది తీస్తే సుమారు కిలోన్నరకు పైగా గింజ మిగులుతుంది. అందులో అయిదో వంతుకు కాస్త అటూఇటూగా నూనె ఉంటుంది. దేశం మొత్తం మీద ఏటా పది లక్షల టన్నులకు పైగా పత్తి గింజల నూనె వస్తున్నది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి తెచ్చుకుంటున్న దేశానికి ఇది చిన్న లెక్క కాదు.

మా చిన్నతనంలో, అంటే 1950ల చివర, పత్తి గింజకు ఉన్న గౌరవం వేరు. అప్పటికి మెట్ట పొలాల్లో పాత నాటు పత్తి ఇంకా కనపడేది. గుంటూరు, కృష్ణా జిల్లాల పత్తిని వర్తకులు కోకనాడ పత్తి అనేవారు, కాకినాడ రేవు నుంచి ఎగుమతి కావటం వల్ల వచ్చిన పేరది. కొంచెం ఎర్రమట్టి చాయ ఉండే దూది. దాన్ని బాగుచేసే పని గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారంలో 1920ల నాటి నుంచీ జరిగింది. ఆ లాం ఫారమే నేడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కేంద్ర స్థానం అయింది.

విత్తనం కోసం ఎవరూ బజారుకు పోయేవారు కారు. మంచి చెట్ల కాయలు వేరుగా తీసి, గింజ వేరుచేసి, ఎండబెట్టి కుండలో దాచేవారు. విత్తే ముందు పేడ నీళ్ళు, మట్టి కలిపి గింజలను నేల మీద పోసి అరచేతులతో రుద్దేవారు. నూగు అణగి గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా జారతాయి. ఆ పని పిల్లలది. మా చేతులు రెండు రోజులు వాసన వచ్చేవి. మిగిలిన గింజలు పాడి గేదెలకు. రాత్రి నానబెట్టి తెల్లవారుజామున రోట్లో రుబ్బి కుడితిలో కలిపేవారు. మా అమ్మ రుబ్బే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. పత్తి గింజలు పెట్టిన గేదె పాలు మీగడ కడతాయని ప్రతి ఇంటా తెలుసు. కాని దూడలకు మాత్రం పెట్టనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే "వాటికి పడదురా" అనేది. అంతకు మించి కారణం చెప్పలేదు, ఆమెకు వాళ్ళ అమ్మ చెప్పలేదు గనుక.

ఆ కారణం నాకు డెబ్బై అయిదో ఏట తెలిసింది. పత్తి గింజను అడ్డంగా కోసి చూడండి, పప్పులో నల్లటి చిన్న చుక్కలు కనపడతాయి. అవి గ్రంథులు. వాటిలో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది. పెద్ద పశువుల పొట్టలో మొదటి గదిలో నెమరుకు ముందు జరిగే మార్పుల వల్ల ఆ విషం చాలావరకు అణుగుతుంది. దూడకు ఆ గది ఇంకా తయారు కాదు. కోళ్ళకు, పందులకు, మనుషులకు అసలే లేదు. అందుకే గింజలో నాలుగో వంతు దాకా మాంసకృత్తులు ఉన్నా మనిషికి పనికిరాకుండా పోయింది. గానుగ నుంచి వచ్చిన ముడి నూనె నల్లగా, ఎర్రగా ఉండేది కూడా దీనివల్లనే. మిల్లులో క్షారంతో శుద్ధి చేస్తే ఆ విషం పోయి నూనె తేటపడుతుంది. చైనాలో శుద్ధి చేయని పత్తి నూనె తిన్న గ్రామాల్లో పిల్లలు పుట్టకపోవటం గమనించి, 1970లలో అక్కడివారు దీనినే మగవారికి కుటుంబ నియంత్రణ మాత్రగా ఇచ్చి చూశారు. తర్వాత వికటించే లక్షణాలు బయటపడి మానుకున్నారు. కుటుంబ నియంత్రణ టార్గెట్ల కాలంలో ఉద్యోగం చేసిన మనకు ఈ సంగతి అప్పట్లో తెలియకపోవటమే మంచిదైంది!

ఇంత విషం చెట్టు ఎందుకు పెట్టుకున్నది? పురుగుల కోసం. గాసిపాల్ ఆకులో, మొగ్గలో, కాయలో కూడా ఉంటుంది. అది చెట్టు కట్టుకున్న కోట. 1950లలో అమెరికాలో గ్రంథులు లేని పత్తి చెట్లను కనిపెట్టారు. గింజ తినవచ్చు కదా అని సంతోషపడి రకాలు తయారుచేశారు. తీరా పొలంలో వేస్తే మామూలుగా పత్తి జోలికి రాని పురుగులు, జంతువులు కూడా వచ్చి మేసిపోయాయి. ఆ రకాలు రైతుల దగ్గర నిలవలేదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తాను.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. నేను ఉద్యోగంలో చేరేనాటికి నల్లరేగడి మీద పొగాకు పోయి పత్తి వస్తున్నది. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఎం.సి.యు. 5 అనే పొడుగు పింజ రకం మన పల్నాడు నుంచి పర్చూరు దాకా పరుచుకుంది. 1970లో సూరత్‌లో డాక్టర్ సి.టి. పటేల్ గారు హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని విడుదల చేశారు, పత్తిలో వ్యాపారానికి వచ్చిన తొలి హైబ్రిడ్ ప్రపంచంలో అదే. 1972లో ధార్వాడ నుంచి డాక్టర్ కటర్కి గారి వరలక్ష్మి వచ్చింది. హైబ్రిడ్ అంటే ఒక రకం చెట్టు పువ్వుకు వేరొక రకం చెట్టు పుప్పొడి చేత్తో అద్ది తీసిన విత్తనం. మొదటి పంట బ్రహ్మాండంగా ఉంటుంది, దాని గింజ దాచి వేస్తే రెండవ ఏడు చెట్లు తలొక రకంగా వస్తాయి. కాబట్టి ఏటా కొనాలి. ఇళ్ళల్లో విత్తనాల కుండ బోర్లపడటం అప్పుడే మొదలైంది.

పత్తి మీద డబ్బు కళ్ళ చూశారు మనవాళ్ళు. చిలకలూరిపేట, గుంటూరు చుట్టూ జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు లేచాయి. మన జిల్లాల రైతులు ఇదే సేద్యం పట్టుకుని రాయచూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు భూములు చూసుకుని వెళ్ళారు. 1980ల మొదట్లో సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే కొత్త పురుగు మందులు వచ్చాయి. మొదట కొట్టిన రోజే పురుగు రాలిపోయేది. రైతులు దాన్ని అమృతం అన్నారు. తర్వాత వారానికి రెండుసార్లు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు, మందుకు అలవాటుపడిపోయింది. మిత్రకీటకాలు మాత్రం చచ్చాయి. వాటి స్థానంలో తెల్లదోమ వచ్చింది. 1987-88 పంట కాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి చేలు నల్లమసి పూసినట్టు అయ్యాయి. ఆ ఏడాది పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు మొదటిసారిగా మన ప్రాంతం నుంచి పత్రికలకెక్కాయి. శనగపచ్చ పురుగు మందును తట్టుకుంటున్నదన్న సంగతి కూడా ఆంధ్రప్రదేశ్ నుంచే శాస్త్రవేత్తలు నిర్ధారించారు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. ముప్పై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

1988 మొదట్లో నేను ఒక మండల కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఊరు పేరు అనవసరం. ఒక కౌలు రైతు చనిపోయాడు. విచారణకు అధికారి గారితో నేనూ వెళ్ళాను, వాంగ్మూలాలు రాయటం నా పని. ఊరి పెద్దలు "మొగుడూ పెళ్ళాల గొడవండీ" అన్నారు. ఇంటి వారగా రోట్లో సగం రుబ్బిన పత్తి గింజలు అలాగే ఉన్నాయి. ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. "గొడవ నిజమేనయ్యా. ఇంకొక్క మందు కొడితే పంట నిలబడుద్ది, పుస్తెలతాడు ఇయ్యమన్నాడు. నేనియ్యనన్నాను. అదే గొడవ" అన్నది. మందుల కొట్టు కాగితాలు చూపించింది. అవి బిల్లులు కావు, చీటీలు. మొత్తం రాసి ఉంది గాని మందు పేరు లేదు, విత్తనం పేరు లేదు, కొట్టు పేరు కూడా లేదు. భూమి అతని పేర లేదు. నేను కారణం దగ్గర "కుటుంబ కలహాలు" అని మొదట రాశాను. ఆమె చెప్పిన మిగతా మాట రాయటానికి కాగితంలో చోటుంది. పైవారు ఏమంటారోనని రాయలేదు. అధికారి గారు చదివి సంతకం పెట్టారు.

దానివల్ల ఆమెకు రావలసిన డబ్బు ఆగిందా అంటే, ఆనాటికి అటువంటి పథకమే లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సహాయం 2004 జూన్ 1 నాటి జి.ఓ. 421తో వచ్చింది, అదీ 1998 తర్వాతి కేసులకు. కాని ఆ మనిషి పత్తి వల్ల పోయినవాళ్ళ లెక్కలో చేరలేదు. చేర్చనిది నేను. చరిత్ర వ్యాసాలు రాసేవారు ఏ కాగితాలు చూసి రాస్తారో నాకు తెలుసు గనుక చెబుతున్నాను.

ఆ దెబ్బ తర్వాత లాం ఫారం వారు తెల్లదోమను తట్టుకునే కాంచన అనే రకాన్ని ఇచ్చారు. నంద్యాల వారి నరసింహ రకం చాలాకాలం రైతులను ఆదుకుంది. ఇవి రెండూ హైబ్రిడ్లు కావు, రకాలు. గింజ దాచుకుంటే మరుసటి ఏడు అదే చెట్టు వస్తుంది. కాని వాటికి ప్రకటనలు ఇచ్చేవారెవరు? హైబ్రిడ్ ప్యాకెట్ల బొమ్మలు గోడలన్నిటి మీదా ఉండేవి.

2002 మార్చి 26న బి.టి. పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి జన్యువు తెచ్చి పత్తిలో పెడితే, కాయతొలుచు పురుగు ఆకు తిని చస్తుంది. మొదట వచ్చినవి మెక్ 12, 162, 184 అనే మూడు హైబ్రిడ్లు. మన రాష్ట్రంలో అవి సరిగా పండకపోగా, 2005లో ఆ మూడింటికీ ఇక్కడ అనుమతి నిలిపివేశారు. తర్వాత వచ్చిన బి.టి. హైబ్రిడ్లు మాత్రం బాగానే పండాయి. మందు కొట్టటం తగ్గిందన్నది నా కళ్ళతో చూసిన నిజం, దాన్ని కాదనటం అన్యాయం. కాని 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా ఉండేది, అందులో సగానికి పైగా జన్యువు యజమానికి పోయే రుసుము. దాని మీద మన రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందుకు వెళ్ళింది. ఆ ఏడే ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తనాల ధర నిర్ణయానికి రాష్ట్రం చట్టమే చేసింది. సచివాలయంలో ఆ ఫైలు నడిపిన గుమాస్తా ఎవరో గాని, కలిస్తే కాఫీ ఇప్పించాలని ఉంది.

పదేళ్ళలో దేశంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా పత్తి బి.టి. అయింది. ఇక్కడ ఒక విషయం మన వాళ్ళు చాలామంది గమనించరు. బి.టి. జన్యువుకు ఏటా కొనాలనే గుణం లేదు. మామూలు రకంలో పెట్టినా పనిచేస్తుంది. మన దేశంలో దాన్ని దాదాపు అంతా హైబ్రిడ్లలోనే పెట్టి అమ్మారు. ఏటా కొనవలసి రావటానికి కారణం శాస్త్రం కాదు, అమ్మే పద్ధతి. తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. 2015 నాటికి రెండు జన్యువులున్న బి.టి. కాయలో కూడా ఆ పురుగు కనపడసాగింది. మిర్చి రైతుల సంగతి కూడా అంతే, ప్యాకెట్టు విత్తనం వేసి 2021లో నల్ల తామర పురుగుతో గుంటూరు, ప్రకాశం చేలు పీకేసుకున్నారు. అది వేరే వ్యాసం.

ఇక గింజ దగ్గరికి వద్దాం. అమెరికాలో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో భారతీయ మూలాలున్న డాక్టర్ కీర్తి రాథోర్ గారు ఏళ్ళ తరబడి గాసిపాల్ మీదనే పనిచేశారు. గ్రంథులు లేని పాత చెట్టు ఎందుకు ఓడిపోయిందో ఆయనకు తెలుసు. అందుకని గింజలో మాత్రమే విషం తగ్గాలి, ఆకులో ఉండాలి అనుకున్నారు. గాసిపాల్ తయారీకి చెట్టులో ఒక జన్యువు కావాలి. దాని నోరు గింజలో మాత్రమే నొక్కేటట్టు చేశారు. 2006లో ఆ ఫలితం ప్రకటించారు. గింజలో విషం నూటికి తొంభై పాళ్ళకు పైగా తగ్గింది, ఆకులో అలాగే ఉంది. ఆహారంలో ఉండదగినదిగా అమెరికా వారు పెట్టుకున్న పరిమితి పది లక్షల పాళ్ళలో 450. దానికి లోపలికి దిగింది. 2018లో ఆ దేశపు వ్యవసాయ శాఖ, 2019లో ఆహార శాఖ దానికి అనుమతి ఇచ్చాయి. ప్రపంచంలో ఏటా వచ్చే పత్తి గింజలో ఉన్న మాంసకృత్తులు యాభై కోట్ల మందికి సరిపోతాయని వారి లెక్క.

ఇది జన్యు మార్పిడి. జన్యు సవరణ వేరు. మన భాషలో చెబుతాను. చెట్టు జన్యువులన్నీ ఒక పెద్ద ఫైలు అనుకోండి. బి.టి. పద్ధతిలో వేరే శాఖ కాగితం ఒకటి తెచ్చి ఈ ఫైలులో కుట్టారు. జన్యు సవరణలో కొత్త కాగితం ఏదీ కుట్టనక్కరలేదు. ఉన్న కాగితంలోనే ఫలానా పేజీ ఫలానా పంక్తి వెతికి అక్కడ ఒక అక్షరం కొట్టేస్తారు. ఆ అక్షరం దగ్గరికి తీసుకుపోయే కత్తెరను క్రిస్పర్ అంటారు. 2012లో దాన్ని రూపొందించిన ఇద్దరు మహిళలకు, షార్పెంటియే, డౌడ్నా గార్లకు, 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. పని అయ్యాక తర్వాతి తరం మొక్కల్లో కత్తెర లేని వాటిని ఏరుకుంటారు. మిగిలేది కొట్టివేత మాత్రమే.

ఈ కత్తెరతో చైనా శాస్త్రవేత్తలు పత్తి గింజ నూనెనే మార్చారు. మామూలు పత్తి నూనెలో ఒలీక్ ఆమ్లం 15 శాతం ప్రాంతం. అది ఎక్కువ ఉంటే నూనె త్వరగా కారు వాసన పట్టదు, గుండెకు కూడా మంచిదంటారు. ఒలీక్‌ను వేరే ఆమ్లంగా మార్చే ఫ్యాడ్ 2 అనే జన్యువులను కొట్టేస్తే, 2021లో వారు ప్రకటించిన ప్రకారం ఒలీక్ 77 శాతం దాకా పోయింది. గింజలో బయటి జన్యువు ఏదీ మిగల్లేదు. రాథోర్ గారి బృందమే 2019లో ఇదే కత్తెరతో గ్రంథులు ఏర్పడటానికి కావలసిన జన్యువును కూడా కొట్టి చూసింది. గ్రంథులు పోయాయి, కాని ఆకులో కూడా పోయాయి.

పైన గుర్తుంచుకోమన్నది ఇందుకే. కత్తెర కొట్టివేత చెట్టంతా పనిచేస్తుంది. గింజలో కొట్టేసి ఆకులో ఉంచమంటే అంత సులభంగా వినదు. అమెరికాలో పురుగు తక్కువ ఉన్న ఎండు ప్రాంతంలో గ్రంథులు లేని పత్తి నిలబడుతుందేమో. 1987ను చూసిన నేల మీద ఆకులో విషం తీసేసిన పత్తిని వేయమని రైతుకు చెప్పటానికి నాకైతే నోరు రాదు. నూనెలో ఒలీక్ పెంచటం వేరు, దానివల్ల చెట్టు కోట పడిపోదు. గింజ గుణం అని రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఒలీక్ కోసం కత్తెరే కావాలని కూడా లేదు. వేరుశనగలో అదే ఫ్యాడ్ 2 జన్యువు సహజంగా చెడిపోయిన మొక్కను అమెరికాలో ఫ్లోరిడా వారు కనిపెట్టి 1987లో ప్రకటించారు. దాని సంతతితో హైదరాబాదు దగ్గర ఇక్రిశాట్ వారు, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ వారు కలిసి పాత సంకర పద్ధతిలోనే గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు తయారుచేశారు. 2020 అక్టోబరులో ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన పదిహేడు రకాలలో ఇవి ఉన్నాయి. ఒలీక్ 80 శాతం దాకా ఉంటుంది. చీరాల, బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగ వేసే రైతు వీటి గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు.

మన ప్రభుత్వం 2022 మార్చి 30న ఒక మెమో ఇచ్చింది. బయటి జన్యువు మిగలని సవరణ పంటలకు, 1989 నాటి నిబంధనల్లోని బి.టి. తరహా కఠిన అనుమతులు అక్కరలేదన్నది. దాని సారాంశం ఇదే. ప్రకృతిలో కూడా ఇటువంటి కొట్టివేతలు జరుగుతూనే ఉంటాయి గనుక తేడా చూపటం కష్టం అన్నది కారణం. శాస్త్రరీత్యా అది సబబే కావచ్చు. కాని ఫైలులో కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం ఉండాలని మనకు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు. ఎవరు కొట్టారు, ఏ తేదీన కొట్టారు అన్నది తెలియాలి. రేపు జన్యు సవరణ పత్తి మన పొలాల్లోకి వస్తే, ఇంకా రాలేదు, వచ్చిన రోజున ఆ ప్యాకెట్టు మీద ఏ అక్షరం ఎవరు కొట్టారో రాసి ఉండాలని నా కోరిక. విషం తక్కువని చెప్పి అమ్మిన గింజకు, ఆకులో ఉందో లేదో కూడా రాయాలి.

రెండవ కోరిక, అది రకంలో రావాలి. 2001లో వచ్చిన మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షను ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. ఇంత మంచి హక్కు కాగితం మీద ఉంది. హైబ్రిడ్ ప్యాకెట్టు ముందు అది పనికిరాదు. కమల వరి రకం గనుక దాన్ని దాచి వేస్తే అదే వరి వస్తుంది. ఆ కత్తెర మీద పేటెంటు హక్కులు విదేశాల్లో ఉన్నాయి, వాటి రుసుము ఎవరు కడతారో, ఎంత కడతారో ముందే తేలాలి. 2006లో ప్యాకెట్టు ధర విషయంలో జరిగినట్టు రైతు నాలుగేళ్ళు కట్టిన తర్వాత తేలటం కాదు.

మొన్న బంధువుల ఇంట పెళ్ళిలో ఒక వ్యవసాయ శాస్త్రం చదివిన కుర్రవాడు కనపడితే ఇవన్నీ అడిగాను. ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పేది బాగానే ఉంది తాతగారూ, కాని రకం మీద పెట్టుబడి పెట్టేదెవరు? ఒకసారి కొని మళ్ళీ రాని రైతుకు ఏ కంపెనీ అమ్ముతుంది?" అన్నాడు. సమాధానం కోసం నేను చాలాసేపు ఆలోచించాను. బాపట్ల సాంబమసూరిని ఏ కంపెనీ తయారుచేసింది? జీతం పుచ్చుకునే ప్రభుత్వ ఉద్యోగులు చేశారు. లాం కాంచన, నంద్యాల నరసింహ, మార్టేరు సన్నాలు, అన్నీ అంతే. నెలాఖరున మనలాగే జీతాల బిల్లు మీద సంతకం పెట్టినవాళ్ళు. అదే చెప్పాను. ఆ కుర్రవాడు నవ్వి, "ఇప్పుడు ఆ ఫారాల్లో ఖాళీలు ఎన్ని ఉన్నాయో తెలుసా?" అన్నాడు. ఖాళీల సంగతి మన సంఘంలో ఎవరికి చెప్పాలి!

1988 నాటి ఆ రైతు కొడుక్కి ఇప్పుడు నలభై దాటాయి. నేను రిటైరైన తర్వాత, ఒక పెన్షన్ పని మీద వాళ్ళ అమ్మ మా ఊరు వస్తే గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేనే చెప్పాను, ఏం రాశానో కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "ఇప్పుడు మారుస్తారా బాబూ?" అని అడిగింది. మార్చే అధికారం నాకు లేదన్నాను. ఆ కాగితం ఇప్పటికి ఏ రికార్డు గదిలో ఉందో, చెదలు తిన్నదో కూడా తెలియదు. ఆమె పోయి మూడేళ్ళయింది. కొడుకు రెండెకరాల పత్తి, ఎకరం మిర్చి వేస్తున్నాడు. ఏటా జూన్‌లో విత్తనాలు కొన్న రోజు బిల్లు తీసుకుని మా ఇంటికి వస్తాడు. "చూడండి బాబాయిగారూ, కంపెనీ పేరు, లాట్ నంబరు, తేదీ అన్నీ ఉన్నాయా?" అంటాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క గడీ చూసి, ఒక జిరాక్సు నా దగ్గర ఫైలు చేసి, అసలు అతనికి ఇచ్చేస్తాను. ఇప్పటికి పద్నాలుగు బిల్లులు ఉన్నాయి.